ఇచ్చిన దేహం, తెచ్చిన దేహం

(వైద్యశాస్త్ర చరిత్ర ధారావాహిక – 14వ భాగం)

ఆదిలాబాద్‌లో 2008లో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే జిల్లా జనం రిమ్స్ అని పిలుచుకునే ప్రభుత్వ వైద్య కళాశాల, 100 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైనప్పుడు, భవనాలూ బోధకులూ ఆసుపత్రి పడకలూ కాక మరొకటి కూడా సమకూర్చుకోవలసి వచ్చింది; అది ఏ టెండరు పిలిచినా దొరకని మనిషి మృతదేహం. పది మంది విద్యార్థులకు ఒక దేహం అన్నది భారతీయ వైద్య విద్యలో చాలాకాలంగా నడుస్తున్న లెక్క కనుక, తొలి ఏడాది తరగతి ఒక్కదానికే పది దేహాలు కావాలి. వెసేలియస్ 1543లో అచ్చువేయించిన శరీర నిర్మాణ గ్రంథం యూరప్ వైద్యాన్ని ఎలా మలుపు తిప్పిందో గత భాగంలో వివరించడమైంది గాని, ఆ బొమ్మలు ఎవరి శరీరాలను చూసి గీసినవన్న ప్రశ్న అక్కడ మిగిలిపోయింది. ఈ భాగానికి ఆ ప్రశ్నే వస్తువు.

చరిత్రలో వైద్యుల బల్ల మీదికి మృతదేహాలు రెండు దారుల్లో వచ్చాయి. బతికుండగా ఆ మనిషిని ఎవరూ అడగకుండా తెచ్చినవి కొన్ని. ఆ మనిషే ఆలోచించుకుని ఇచ్చినవి కొన్ని. మొదటి దారి వయసు వందల ఏళ్లు కాగా, రెండోది విశాలంగా తెరుచుకుని నిండా నూరేళ్లు కాలేదు.

ఏటి నీటిలో ఏడు రాత్రులు

సుశ్రుత సంహిత శారీరస్థానంలో, శస్త్రవైద్యం నేర్వదలచినవాడు మృతదేహాన్ని ఎలా సిద్ధం చేసుకుని చూడాలో చెప్పే భాగం ఒకటి ఉంది. అవయవాలన్నీ సరిగా ఉన్నదీ, విషం వల్ల గాని దీర్ఘరోగం వల్ల గాని చనిపోనిదీ, నూరేళ్లు నిండనిదీ అయిన దేహాన్ని ఎంచుకుని, పేగుల్లోని మలాన్ని తీసివేసి, ముంజగడ్డి, చెట్టు బెరడు, దర్భ, జనపనార వంటి వాటితో చుట్టి, పంజరంలో పెట్టి, జనసంచారం లేని చోట పారే నీటిలో ఉంచాలి. ఏడు రాత్రుల తరువాత బాగా నానిన ఆ దేహాన్ని బయటికి తీసి, వట్టివేళ్లతోనో వెదురుతోనో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని లోపలి భాగాల వరకు ఒక్కో పొరనూ కంటితో చూడాలి. కత్తి పెట్టకుండా నీటితోనూ కుంచెతోనూ దేహాన్ని విప్పే ఈ పద్ధతి, పొరల వారీగా లోపలికి పోవడమన్న అంశంలో నేటి డిసెక్షన్‌కు, అంటే అధ్యయనం కోసం మృతదేహాన్ని క్రమపద్ధతిలో కోసి చూసే పనికి, దగ్గరి చుట్టం.

ఎలాంటి దేహం కావాలో ఇంత వివరంగా చెప్పిన ఆ గ్రంథం, అది ఎవరిదన్న సంగతి గాని, అతని సమ్మతి గాని ప్రస్తావించలేదు. ఆ మౌనం దాదాపు అన్ని నాగరికతల వైద్యగ్రంథాల్లోనూ కనిపిస్తుంది.

ఉరికంబం నుంచి బీదల వసతిగృహానికి

బ్రిటన్‌లో 1752లో అమలులోకి వచ్చిన హత్యానేర చట్టం, ఉరితీసిన హంతకుల శవాలను వైద్యులకు అప్పగించడాన్ని శిక్షలో భాగం చేసింది. చావును మించిన శిక్ష కావాలన్న ఆలోచనతో చేసిన ఆ ఏర్పాటు వల్ల, శవాన్ని కోయించుకోవడమంటే నేరస్థుడికి తగిన అవమానమన్న భావన జనంలో గట్టిపడింది. అదే సమయంలో వైద్య పాఠశాలలు పెరిగి, ఉరికంబం అందించే శవాలు చాలకపోవడంతో, కొత్తగా పూడ్చిన సమాధులను రాత్రిపూట తవ్వి శవాలను అమ్ముకునే వృత్తి ఒకటి పుట్టుకొచ్చింది. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు ఆ శ్రమ కూడా పడకుండా, 1828లో 16 మందిని చంపి, శవాలను రాబర్ట్ నాక్స్ అనే శరీర నిర్మాణ శాస్త్ర బోధకుడి పాఠశాలకు అమ్మారు. మరుసటి ఏడాది జనవరిలో ఉరి తీసిన బర్క్‌ను చట్టం ప్రకారం అదే నగరంలో బహిరంగంగా కోశారు; అతని అస్థిపంజరం నేటికీ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది.

ఆ ఘోరం తరువాత వచ్చిన 1832 అనాటమీ చట్టం సమాధుల దొంగతనానికి ముగింపు పలికింది గాని, భారాన్ని హంతకుల మీది నుంచి తీసి నిరుపేదల మీద పెట్టింది. బీదల వసతిగృహాల్లోనూ ఆసుపత్రుల్లోనూ చనిపోయి, బంధువులెవరూ వచ్చి అడగని శవాలను వైద్య పాఠశాలలకు ఇవ్వవచ్చునని ఆ చట్టం చెప్పడంతో, నిన్నటిదాకా హత్యకు శిక్షగా ఉన్నది ఇప్పుడు పేదరికానికి పర్యవసానమైంది. ఆ చట్టం ఆమోదం పొందడానికి రెండు నెలల ముందు, 1832 జూన్ 6న కన్నుమూసిన తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ మాత్రం తన దేహాన్ని తానే వీలునామా ద్వారా డిసెక్షన్‌కు ఇచ్చారు. మిత్రుడైన వైద్యుడు సౌత్‌వుడ్ స్మిత్ మూడు రోజుల తరువాత సభ ముందు ఆ పని పూర్తిచేశాడు. ఇచ్చిన దేహానికి అది తొలి ప్రసిద్ధ ఉదాహరణల్లో ఒకటి.

బ్రిటిష్ చట్టం వెనుకనున్న ఆలోచన వలస పాలనతో పాటే భారతదేశానికి వచ్చింది. 1835లో ఏర్పడిన కలకత్తా మెడికల్ కాలేజీలో మరుసటి ఏడాది మధుసూదన్ గుప్తా అనే ఆయుర్వేద పండితుడు మృతదేహాన్ని కోయడానికి ముందుకు రావడం, కులకట్టుబాట్లు బలంగా ఉన్న ఆ కాలంలో పెద్ద సంచలనం. తెలుగు నేలకు సంబంధించినంత వరకు, 1846లో నిజాం రాజ్యంలో ఉర్దూ బోధనా భాషగా మొదలై, తరువాతి కాలంలో ఉస్మానియా వైద్య కళాశాలగా ఎదిగిన హైదరాబాద్ వైద్య పాఠశాల ఆధునిక వైద్య విద్యకు ఆద్యస్థానం. స్వాతంత్ర్యం తరువాత వివిధ రాష్ట్రాల్లో అమలైన అనాటమీ చట్టాలు కూడా ప్రధానంగా అనాథ శవాల మీదనే, అంటే నిర్ణీత గడువులోగా ఎవరూ వచ్చి తీసుకెళ్లని మృతదేహాల మీదనే, ఆధారపడ్డాయి. కలకత్తా కేంద్రంగా సాగిన మానవ అస్థిపంజరాల ఎగుమతి వ్యాపారాన్ని భారత ప్రభుత్వం 1985లో నిషేధించేదాకా, ప్రపంచంలోని అనేక వైద్య కళాశాలల్లో విద్యార్థులు చేతపట్టుకున్న ఎముకలు పేరు తెలియని భారతీయులవి.

గనిలో తండ్రి, కాకినాడలో కొడుకు

తెచ్చిన దేహానికీ ఇచ్చిన దేహానికీ ఉన్న తేడా ఒకే కుటుంబంలో, తండ్రీకొడుకుల్లో కనిపించే ఉదాహరణ తెలుగు నేలతో ముడిపడి ఉంది. 1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు జరిగి పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయినప్పుడు, జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త మృతదేహాలను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. పేలుడు దెబ్బకో మంటకో అందరూ చనిపోయారన్న నమ్మకానికి విరుద్ధంగా, చాలా దేహాల మీద ప్రాణాంతకమైన గాయాలేవీ లేవు. పైగా చర్మం, రక్తం చావుకు సహజమైన పాలిపోయిన రంగులో కాక, గులాబీ ఎరుపులో ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను గట్టిగా పట్టుకున్నప్పుడు వచ్చే రంగు అది. పేలుడు తరువాత గనిలో వ్యాపించే ఆ వాయువే ఎక్కువ మందిని చంపిందని దేహాలే సాక్ష్యం చెప్పడంతో, శ్వాస వేగంగా ఆడే చిన్న ప్రాణుల మీద ఆ వాయువు ముందుగా ప్రభావం చూపుతుందన్న ఆధారంతో, కెనరీ పిట్టను పంజరంలో పెట్టి గనిలోకి తీసుకుపోవాలన్న సూచన పుట్టింది.

ఇల్లందు తరువాత బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని దాకా విస్తరించిన సింగరేణి బొగ్గు నేలలో, గని గాలిని పరీక్షించిన తరువాతనే కార్మికుణ్ణి లోపలికి పంపాలన్న నియమానికి మూలం ఇలాంటి పరిశోధనల్లోనే ఉంది. బొగ్గు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు ఏమవుతుందో కంటికి చూపించింది కూడా మృతదేహాలే. వేల్స్‌కే చెందిన జెత్రో గఫ్, వెంట్‌వర్త్ 1949లో ప్రకటించిన పద్ధతి ప్రకారం, చనిపోయిన గని కార్మికుడి ఊపిరితిత్తిని మొత్తంగా పలుచని పొరగా కోసి కాగితం మీద అతికిస్తే, నల్లని దుమ్ము ఎక్కడెక్కడ పేరుకుందో, గాలిగదులు ఎక్కడెక్కడ చిరిగి పెద్దవయ్యాయో పటం చూసినట్టు చూడవచ్చు.

ఆ హాల్డేన్ కుమారుడే జన్యుశాస్త్రంలో ప్రఖ్యాతుడైన జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం స్వీకరించి, చివరి సంవత్సరాలు భువనేశ్వర్‌లో గడిపిన ఆయన, బతికినన్నాళ్లూ తన శరీరాన్నే ప్రయోగశాలగా వాడుకున్నారు. 1939లో థెటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయిన తరువాత, నీటి అడుగున మనిషి తట్టుకోగల ఒత్తిడినీ వాయువులనూ తెలుసుకోవడానికి మూసిన గదుల్లో తానే కూర్చుని ప్రమాదకరమైన పరీక్షలు జరిపించుకున్నారు. 1964 డిసెంబరు 1న కాన్సర్‌తో మరణించిన ఆయన, తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని ముందే రాసిపెట్టారు. 1958లో ఏర్పడిన ఆ కళాశాలకు అప్పటికి ఆరేళ్ల వయసు. బతికుండగానే తన శరీరం పరిశోధనకూ బోధనకూ ఉపయోగపడిందనీ, చనిపోయాక దానితో తనకెలాగూ పని ఉండదు గనుక ఇతరులు వాడుకోవాలనీ, దాన్ని చల్లదనంలో భద్రపరిచే ఖర్చును తన ఆస్తి నుంచే మొదట చెల్లించాలనీ ఆయన కోరిక సారాంశం. ఆయన అస్థిపంజరాన్ని కాకినాడ కళాశాల మ్యూజియంలో భద్రపరిచారు. తండ్రి పరీక్షించిన గని కార్మికుల్లో ఎవరినీ ఎవరూ అడగలేదు. కొడుకు ఎవరూ అడగకముందే ఇచ్చాడు.

వరంగల్ దారి

తెలంగాణలో దేహదానానికి జనం గుర్తుపెట్టుకున్న ఉదాహరణ ప్రజాకవి కాళోజీ నారాయణరావుది. నిజాం పాలనకు ఎదురుతిరిగి జైలు పాలై, తరువాతి కాలంలోనూ ఏ ప్రభుత్వానికీ తలవంచని ఆయన 2002 నవంబరు 13న వరంగల్‌లో కన్నుమూసినప్పుడు, ఆయన కోరిక మేరకు పార్థివదేహాన్ని కాకతీయ వైద్య కళాశాలకు అప్పగించారు. 1959లో ఏర్పడిన ఆ కళాశాల, ఆదిలాబాద్‌లో రిమ్స్ రాకముందు ఉత్తర తెలంగాణలో ప్రభుత్వ వైద్య విద్యకు ప్రధాన ఆధారం; కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి డాక్టర్లయిన ఎందరో చదువుకున్నది అక్కడే.

ప్రజాజీవితంలో ఉన్నవారు ఇలా దేహాన్నిచ్చిన సందర్భాలు తరువాతి కాలంలో పెరిగాయి. పశ్చిమ బెంగాల్ మాజీ ముఖ్యమంత్రి జ్యోతిబసు దేహాన్ని 2010 జనవరిలో కోల్‌కతా ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రికి ఇచ్చారు. 2024 సెప్టెంబరు 12న మరణించిన సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు, అదే ఏడాది అక్టోబరు 12న మరణించిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహాన్ని హైదరాబాద్ గాంధీ వైద్య కళాశాలకు కుటుంబసభ్యులు అప్పగించారు. వీరంతా వామపక్ష, హేతువాద భావజాలాలకు చెందినవారు కావడం కాకతాళీయం కాదు. మరణానంతర కర్మల మీద నమ్మకం లేనివారికి ఈ నిర్ణయం ఒక సిద్ధాంత ప్రకటన కూడా. కర్మకాండను నమ్మే సాధారణ కుటుంబం ఆ నిర్ణయానికి రావాలంటే దాటవలసిన గడప ఇంకా ఎత్తుగా ఉంటుంది.

బల్ల మీద

దేహం కళాశాలకు చేరాక జరిగే మొదటి పని ఎంబామింగ్, అంటే కుళ్లకుండా రసాయనాలు ఎక్కించడం. తొడ మొదట్లోనో మెడ పక్కనో ఉండే పెద్ద ధమనిని, అంటే గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయే నాళాన్ని, చిన్న గాటుతో తెరిచి, అందులోకి గొట్టం పెట్టి, ఎత్తున ఉంచిన డబ్బా నుంచో పంపు సాయంతోనో ఫార్మలిన్, గ్లిజరిన్, ఫినాల్, స్పిరిట్ కలిపిన ద్రావణాన్ని లోనికి వదులుతారు. బతికుండగా రక్తం ఏ దారుల్లో పారిందో ఆ దారుల్లోనే ద్రావణం కాలివేళ్ల దాకా చేరుతుంది. ఫార్మాల్డిహైడ్ వాయువును నీటిలో కరిగిస్తే వచ్చేదే ఫార్మలిన్. కణజాలాన్ని బిగబట్టి నిలిపే దాని గుణాన్ని 1893లో జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ బ్లూమ్ గుర్తించేదాకా, డిసెక్షన్ అంటే కుళ్లుతో పోటీపడి చలికాలంలో హడావిడిగా ముగించే పని. ఫార్మలిన్ వచ్చాక ఒక దేహం ఏడాది పొడవునా పాఠం చెప్పగలిగింది.

ఎడిన్‌బరో ఆచార్యుడు కన్నింగ్‌హామ్ పేరిట వెలువడిన డిసెక్షన్ గ్రంథం చేతపట్టుకుని భారతీయ విద్యార్థులు తరతరాలుగా మొదట తెరిచేది చేయి, చంక భాగం. ఫార్మలిన్ ఘాటుకు కళ్ల నీళ్లు పెట్టుకుంటూ, చర్మం కింద పసుపు ముద్దలుగా ఉండే కొవ్వును పట్టకారుతో ఏరివేస్తే, మెడలోని వెన్నుపాము నుంచి ఐదు వేర్లుగా బయలుదేరి, కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి చేతికి చేరే తెల్లని నాడుల అల్లిక కనిపిస్తుంది. ముంజేతిలో తెల్లని తాడులా ఉండే స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కట్టే బంధాన్ని, పట్టుకుని లాగితే బల్ల మీది వేలు మెల్లగా ముడుచుకుంటుంది. వేలిని కదిపే కండరం వేలిలో ఉండదనీ, ముంజేతిలో ఉండి తాళ్లతో లాగుతుందనీ పుస్తకంలో వాక్యంగా చదివిన విద్యార్థికి ఆ క్షణంలో అది అనుభవమవుతుంది. మణికట్టు దగ్గర గాజు పెంకు గుచ్చుకుని వచ్చిన కూలీకి ఏ వేలు ఎందుకు ముడవడం లేదో తరువాత అర్థమయ్యేది ఈ అనుభవం వల్లనే. పైగా ఏ రెండు దేహాలూ ఒక్కలా ఉండవు. పుస్తకంలోని ధమని ఒక బల్ల మీద పుస్తకంలో లాగానే ఉంటే, పక్క బల్ల మీద మరోచోట చీలి ఉంటుంది. కంప్యూటర్ తెర మీది బొమ్మ సగటు మనిషిని చూపిస్తుంది. బల్ల మీది దేహం ఒక మనిషిని చూపిస్తుంది.

2019లో మారిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మృతదేహాన్ని తొలి గురువుగా భావించే పాఠాన్ని చేర్చింది. అనేక కళాశాలల్లో విద్యార్థులు ఆ హాలులో అడుగుపెట్టేముందు దేహాన్ని గౌరవిస్తామని ప్రమాణం చేస్తున్నారు.

తరగతి గది దాటి

దేహదానం ప్రయోజనం మొదటి ఏడాది విద్యార్థులతో ముగియదు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరానికి చెందిన వాల్టర్ థీల్ 1992లో వెల్లడించిన పద్ధతిలో, ఫార్మలిన్‌ను బాగా తగ్గించి లవణాలతో భద్రపరిచిన దేహం కీళ్లు వంగేంత మెత్తగా ఉంటుంది కనుక, చిన్న రంధ్రాల గుండా చేసే శస్త్రచికిత్సలను, మోకాలి కీలు మార్పిడిని బతికున్న రోగి మీద కాక ముందుగా దాని మీద సాధన చేయవచ్చు. అమెరికాలోని డెట్రాయిట్‌లో వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1930ల చివరి నుంచి మృతదేహాల మీద జరిపిన తాకిడి పరీక్షలు, పుర్రె ఎంత దెబ్బకు పగులుతుందో, ఛాతీ ఎంత ఒత్తిడిని తట్టుకుంటుందో లెక్కగట్టాయి. కార్ల సీటు బెల్టులకూ గాలి సంచులకూ, పరీక్షల్లో వాడే కృత్రిమ బొమ్మలకూ ఆ అంకెలే పునాది. అదే సంస్థకు చెందిన ఆల్బర్ట్ కింగ్ 1995లో వేసిన అంచనా ప్రకారం, ఆ పరిశోధనల వల్ల అమెరికాలో ఏటా సుమారు 8,500 ప్రాణాలు నిలుస్తున్నాయి.

టెన్నెసీ విశ్వవిద్యాలయంలో విలియం బాస్ 1980ల తొలినాళ్లలో నెలకొల్పిన క్షేత్రంలో, దానమిచ్చిన దేహాలను ఆరుబయట నేల మీద ఉంచి, ఏ వాతావరణంలో ఎన్ని రోజులకు ఏ మార్పు వస్తుందో, ఏ పురుగు ఎప్పుడు చేరుతుందో నమోదు చేస్తారు. అడవిలోనో వాగులోనో దొరికిన శవం ఎన్నాళ్ల క్రితందో పోలీసులు చెప్పగలగడానికి ఆధారం అలాంటి రికార్డులే.

ఎనిమిది కళాశాలల లెక్క

2016 అక్టోబరులో పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలైంది. ఆదిలాబాద్ రిమ్స్‌కు తోడుగా 2022లో మంచిర్యాలలో, 2023లో నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడంతో నాలుగు జిల్లాలకూ ఒక్కోటి ఏర్పడింది. పాత కరీంనగర్ వైపు 2022లో జగిత్యాల, రామగుండంలోనూ, 2023లో కరీంనగర్, సిరిసిల్లలోనూ మరో నాలుగు మొదలయ్యాయి. కరీంనగర్‌లో అంతకుముందే ఉన్న ప్రైవేటు కళాశాలలను లెక్కలోకి తీసుకోకపోయినా, ప్రభుత్వ కళాశాలలే ఎనిమిది. ఒక్కోదానిలో ఏటా కనీసం వంద మంది చేరితే, పదికి ఒకటి చొప్పున, ఈ ప్రాంతానికే ఏడాదికి 80 దేహాలు కావాలి.

ఆ అవసరాన్ని అనాథ శవాలు తీర్చలేవు. కాజీపేట – బల్లార్షా రైలు పట్టాల వెంట గాని, బస్టాండుల్లో గాని దొరికే శవాల్లో చాలావాటికి పోస్టుమార్టం తప్పదు. ఒకసారి కోసిన దేహంలో నాళాలు తెగిపోవడం వల్ల ఎంబామింగ్ ద్రావణం సరిగా పారదు. దానంగా వచ్చే దేహాలకూ పరిమితులున్నాయి. హెచ్ఐవీ, హెపటైటిస్ వంటి అంటువ్యాధులున్నా, ఒళ్లు తీవ్రంగా దెబ్బతిన్నా, అనుమానాస్పద మరణమైనా సాధారణంగా కళాశాలలు తీసుకోవు. కళ్లు మాత్రం ఆరు గంటలలోపు తీసి వేరుగా దానం చేయవచ్చు. దేహదానం, అవయవదానం ఒకటి కాదు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి గుండె, కాలేయం, మూత్రపిండాలను మరొకరికి అమర్చడం 1994 నాటి కేంద్ర చట్టం కిందికీ, తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ కిందికీ వస్తుంది. దేహదానం చదువు కోసం, పరిశోధన కోసం. బతికుండగా రాసిన అంగీకార పత్రం ఎంత గట్టిదైనా, మరణం తరువాత దేహాన్ని తెచ్చి అప్పగించవలసినది కుటుంబమే కనుక, అసలు నిర్ణయం ఆ రోజు ఆ వాకిట్లోనే జరుగుతుంది.

వాకిట్లో ఎదురయ్యేది మూఢనమ్మకమని తేలిగ్గా కొట్టివేయడం చరిత్రకారుడికి తగదు. గోదావరి ఒడ్డున బాసర, ధర్మపురి, కాళేశ్వరం దాకా బొక్కలు తీసుకుపోయి గంగలో కలపడం, దినాలనాడు పెట్టిన ముద్దను పిట్ట ముట్టేదాకా ఎదురుచూడడం ఈ ప్రాంతంలో దుఃఖాన్ని నలుగురూ పంచుకునే పద్ధతి. ఆదిలాబాద్ గోండుల సంప్రదాయంలో చనిపోయినవారిని గోత్ర దైవమైన పెర్స పెన్ సన్నిధికి చేర్చే క్రతువులో పర్‌ధాన్ల పాటకూ వాద్యానికీ చోటుంది. దేహాన్ని ఇచ్చివేసిన ఇంట్లో బొక్కలుండవు, బూడిద ఉండదు; ఫొటో ముందు దీపం పెట్టి దినాలు చేసుకునే కుటుంబాలు ఆ లోటును మరోలా పూడ్చుకుంటున్నాయి. కర్మ జరగడానికి దేహమే కావాలా, జ్ఞాపకం చాలా అన్న ప్రశ్నకు ఆ ఇల్లే జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబును తొందరపెట్టి రాబట్టిన చోట ఇచ్చిన దేహం మళ్లీ తెచ్చిన దేహంగానే మిగులుతుంది.

డిసెక్షన్ హాలులో దేహానికి పేరు ఉండదు, ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది. తెచ్చిన దేహానికి ఆ గదిలోకి రాకముందే పేరు పోయింది. ఇచ్చిన మనిషి తన పేరును గడప దగ్గర తానే వదిలి లోనికి వస్తాడు. రాష్ట్రం ఏర్పడిన తరువాత వరంగల్‌లో నెలకొల్పిన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం కాళోజీ పేరు పెట్టింది. ఆదిలాబాద్ రిమ్స్‌లో నేడు చేయి విప్పి నాడుల అల్లికను వెతుకుతున్న విద్యార్థి ఐదున్నరేళ్ల తరువాత అందుకునే పట్టా మీద, వరంగల్‌లో అలాంటి హాలుకే తన దేహాన్ని అప్పగించిన ఆ మనిషి పేరు ఉంటుంది.

(వచ్చే భాగం: ఫార్మలిన్‌కు ముందు – చలికాలపు డిసెక్షన్ హాళ్లు)